ఏ పద్దు కింద రాశారు? డీజిల్ ధర నుంచి వాతావరణ నిధుల దాకా ఒక లెక్క

నాట్ల కాలంలో నర్సంపేట రోడ్డు మీది బంకుల దగ్గర పొద్దు పొడవకముందే ట్రాక్టర్లు వరుస కడతాయి. 2025 వానాకాలంలో అక్కడ ఇరవై లీటర్ల క్యానులో డీజిల్ పట్టించుకుంటున్న ఒక పెద్దాయన నన్ను అడిగాడు: "బయటి దేశంల నూనె అగ్గువైందని టీవీల చెప్తున్రు గద బిడ్డా, మన దగ్గర ఇంక పిరమే ఎందుకున్నది?" "పన్నులు పెద్దనాయినా" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. చెప్పింది అబద్ధం కాదు. కానీ జవాబులో అది సగం కూడా కాదని ఇంటికి వచ్చాక అనిపించింది.

ఆ ఏడాది మిగిలిన వార్తలు గుర్తు చేసుకోండి. ఆగస్టులో యూరియా కోసం రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. సెప్టెంబరులో బొగ్గు మీద పన్ను మారింది. అక్టోబరు చివర మోంథా తుపాను వానకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. నవంబరులో బ్రెజిల్‌లోని బెలేం నగరంలో వాతావరణ నిధుల మీద దేశాలు రాత్రీపగలూ వాదించుకున్నాయి. ఇవన్నీ పేపర్లో వేర్వేరు పేజీల్లో వచ్చాయి. అన్నిటి అడుగునా ఉన్నది మాత్రం ఒకే రకం లెక్క: డబ్బు ఎవరి దగ్గర నుంచి వచ్చింది, దాన్ని ఏ పద్దు కింద రాశారు. పద్దు పేరు మారితే డబ్బు గమ్యం ఎలా మారిపోతుందో చూడాలంటే బంకు నుంచే మొదలుపెట్టాలి.

పీపా ధర లీటరు ధరగా మారే దారి

ముడిచమురును పీపాల్లో, డాలర్లలో అమ్ముతారు. ఒక పీపా అంటే 159 లీటర్లు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. పీపా 70 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. పీపాకు 5,950 రూపాయలు, లీటరుకు సుమారు 37 రూపాయల 40 పైసలు. "37 రూపాయల సరుకు 107 ఎట్లయింది?" అని వాట్సాప్‌లో తిరిగే ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

ఆ 107 లీటరు పెట్రోలు ధర. మధ్యలో ఉన్నవి ముందు పెట్రోలుకే వరుసగా చూద్దాం. ముడిచమురును ఓడలో తేవాలి, శుద్ధి చేయాలి, డిపోలకు పంపాలి, కంపెనీ లాభం వేసుకోవాలి. పైగా మన కంపెనీలు ముడిచమురుకు అయిన ఖర్చును పట్టుకుని ధర కట్టవు. అంతర్జాతీయ మార్కెట్లో శుద్ధి చేసిన పెట్రోలు ఎంత పలుకుతోందో దాన్ని ఆధారంగా తీసుకుంటాయి. ఇవన్నీ కలిపి డీలరుకు చేరేసరికి లీటరు 53 రూపాయల దరిదాపు అనుకుందాం. 2025 ఏప్రిల్ తర్వాత కేంద్ర ఎక్సైజు రూ.21.90. డీలరు కమీషను నాలుగున్నర రూపాయలకు కాస్త తక్కువ. మొత్తం 79 రూపాయల పైచిలుకు. దాని మీద తెలంగాణ వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను, 35.20 శాతం, దాదాపు 28 రూపాయలు. వెరసి 107 రూపాయల పైన. 2025లో హైదరాబాదులో ఉన్న ధర అదే. వరంగల్‌లో రవాణా తేడాతో కొద్దిపాటి పైసలు అటూ ఇటూ. ఆ లెక్కన వినియోగదారుడు ఇచ్చిన ప్రతి వందలో 46 రూపాయలు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలకు పోయాయి.

డీజిల్‌కు కూడా లెక్క తీరు ఇదే. 2025లో దాని మీద ఎక్సైజు రూ.17.80, వ్యాట్ 27 శాతం కాబట్టి ధర కొంత తక్కువగా ఉండేది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు వద్దాం. కాగితం మీద చూస్తే ధరలు స్వేచ్ఛగా మారాలి. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిల్ మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. 2017 జూన్ 16 నుంచి రోజూ పొద్దున ఆరింటికి కొత్త ధర ప్రకటించే పద్ధతి వచ్చింది. కానీ 2022 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా కంపెనీలు ధరను దాదాపు కదిలించలేదు. ఆ మధ్య 2022 మేలో కేంద్రం ఎక్సైజు తగ్గించినందుకు ధర తగ్గింది, అంతే. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొత్తలో పీపా ఒక దశలో 130 డాలర్లు దాటింది. అప్పుడు ప్రభుత్వ చమురు కంపెనీలు నష్టానికి అమ్మాయి. తర్వాత ముడిచమురు దిగింది, బంకు ధర మాత్రం దిగలేదు. 2023-24లో మూడు ప్రభుత్వ కంపెనీలకూ కలిపి సుమారు 81 వేల కోట్ల లాభం వచ్చింది. కంపెనీల వాదన: ఎక్కినప్పుడు భరించాం, దిగినప్పుడు పూడ్చుకుంటున్నాం. వినియోగదారుల వాదన: ఎక్కినప్పుడు మీరెంత భరించారో, దిగినప్పుడు ఎంత పూడ్చుకున్నారో ఏ నెలా మాకు కనబడదు. రెండోది నాకు న్యాయమైన ఫిర్యాదుగానే తోస్తుంది. ధర కుదురుగా ఉండడం వల్ల రైతుకూ లారీ యజమానికీ మేలు జరిగిన నెలలు ఉన్నాయన్నదీ నిజమే.

ధర పెరిగితే ఎవరి పెట్టె నిండుతుంది

కేంద్రం పన్ను లీటరుకు ఇన్ని రూపాయలని కట్టేసినది. రాష్ట్రం పన్ను శాతం. ఈ చిన్న తేడా చాలా వివరిస్తుంది.

పీపా 10 డాలర్లు పెరిగిందనుకుందాం. 850 రూపాయలను 159తో భాగిస్తే లీటరుకు రూ.5.35. దాని మీద 35.2 శాతం వ్యాట్ రూ.1.88. బంకులో రూ.7.23 పెరుగుతుంది. కేంద్రం ఎక్సైజు ఒక్క పైసా పెరగదు. రాష్ట్రానికి ఏ జీవో ఇవ్వకుండానే దాదాపు రెండు రూపాయలు అదనంగా వస్తాయి. ధర పడితే రాష్ట్రానికి అదే లెక్కన తగ్గుతుంది. కేంద్రం మాత్రం ధర పడిన సందు చూసి తన పన్ను పెంచుకోగలదు. 2014 మొదట్లో లీటరు పెట్రోలు మీద ఎక్సైజు రూ.9.48, డీజిల్ మీద రూ.3.56. 2020 మేలో, కరోనా లాక్‌డౌన్‌లో చమురు ధర కూలినప్పుడు, అవి 33, 32 రూపాయల దగ్గరకు చేరాయి. ఆ మేలో ఒక్క రాత్రిలో పెంచిన 10, 13 రూపాయలు బంకు ధరలో కనబడలేదు, ఎందుకంటే తగ్గవలసిన ధర తగ్గకుండా ఆ స్థానంలో పన్ను కూర్చుంది. 2021 నవంబరులో, 2022 మేలో తగ్గించినా పాత స్థాయికి రాలేదు.

ఇక మొదటి పద్దు కథ. కేంద్రం వసూలు చేసే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకు పంచాలని, ఆ పంపకాలు తేల్చే 15వ ఆర్థిక సంఘం చెప్పింది. అయితే సెస్సులు, సర్‌చార్జీల పేరుతో వేసే అదనపు పన్నులు ఆ పంపకం కిందికి రావు. 2025లో లీటరు పెట్రోలు మీది రూ.21.90లో పంచుకోవలసిన ప్రాథమిక ఎక్సైజు రూ.1.40 మాత్రమే. మిగతాది ప్రత్యేక అదనపు సుంకం, రోడ్ల సెస్సు, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు పేర్ల కింద ఉండేది. రూ.1.40లో 41 శాతం అంటే 57 పైసలు, అదీ దేశంలోని రాష్ట్రాలన్నిటికీ కలిపి. కేంద్రం ఇచ్చే సమాధానం, ఆ సెస్సులతో వేసే రోడ్లు రాష్ట్రాల్లోనే ఉన్నాయి కదా అని. రాష్ట్రాల మాట, ఎక్కడ ఏం కట్టాలో మేం నిర్ణయించే అవకాశం పోయిందని. ఈ తగవు తెగే దాకా పెట్రోలును జీఎస్టీలోకి తెద్దామన్న మాట ఎవరు ఎత్తినా రెండో అడుగు పడదు. ఇద్దరికీ అది చేతిలో ఉన్న గట్టి ఆదాయం.

డీజిల్ లీటరుకు అయిదు రూపాయలు పెరిగితే ఎకరం వరికి ఏమవుతుంది? దుక్కి, కరిగెట, కోత మిషన్, ధాన్యం మోత అన్నీ కలిపి 30 లీటర్లు తాగుతాయనుకుంటే 150 రూపాయలు. కానీ ఊళ్లో ట్రాక్టరు కిరాయి 150 పెరగదు. గంటకు వందో రెండు వందలో గుండుగా పెరుగుతుంది, డీజిల్ తగ్గినప్పుడు వెనక్కి రాదు. మా వైపు ట్రాక్టరు యజమానుల జేబుల్లో ఉండే చిన్న నోటు పుస్తకాలు చూశాను. గంటలు రాసి, పక్కన రేటు కొట్టేసి కొత్త రేటు రాసిన పేజీలున్నాయి. తక్కువ రేటు వైపు కొట్టివేత నాకు ఒక్కటీ కనబడలేదు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, టైర్లూ ట్రాక్టరు కిస్తీలూ కూడా అదే కిరాయిలోంచి తీరాలి.

యూరియా బస్తాలో ఉన్న గ్యాసు

యూరియాను సహజ వాయువుతో చేస్తారు. తయారీ ఖర్చులో పెద్ద వాటా గ్యాసుదే. రామగుండంలో 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన కర్మాగారం ఏటా 12.7 లక్షల టన్నుల సామర్థ్యంతో కట్టినది, అదీ గ్యాసుతోనే నడుస్తుంది. మన దేశం వాడే గ్యాసులో సగం దాకా ద్రవరూపంలో ఓడల మీద వస్తుంది. దాని దీర్ఘకాలిక ఒప్పందాల్లో చాలావాటిని చమురు ధరకు ముడివేసి రాస్తారు. కాబట్టి చమురు పెరిగితే యూరియా ఖర్చు పెరుగుతుంది. రైతుకు మాత్రం 45 కిలోల బస్తా రూ.266.50కే. తేడా అంతా కేంద్రం సబ్సిడీ. డీజిల్ దెబ్బ జేబుకు నేరుగా తగులుతుంది, యూరియా దెబ్బ ప్రభుత్వ ఖజానాకు తగిలి, దిగుమతులు ఆలస్యమైన ఏడాది క్యూ రూపంలో మన ముందుకు వస్తుంది. 2025 క్యూలకు చైనా ఎగుమతుల మీద ఆంక్షలూ, దేశంలోని కర్మాగారాల్లో ఉత్పత్తి ఆగడమూ తోడయ్యాయి. అంతా చమురు వల్లే అనడం తప్పవుతుంది.

చమురు పిరమైతే వాతావరణానికి మేలా?

ఒక వాదం ప్రకారం అవును. పెట్రోలు ధరలో ఇంత పన్ను ఉన్న దేశంలో వేరే కార్బన్ పన్ను (వదిలే పొగను బట్టి వేసే పన్ను) అక్కర్లేదు, ఉన్నదే ఆ పని చేస్తోంది. హనుమకొండ చౌరస్తాలో కరెంటు స్కూటర్లు, కరెంటు ఆటోలు పెరగడంలో ఆ ధర పాత్ర ఉంది. రెండో వాదం ప్రకారం, బండి మార్చుకునే స్తోమత ఉన్నవాడే ఆ దారి పడతాడు. మిగతావాళ్లు అదే బండిని అదే దూరం నడిపి, ఇంటి ఖర్చులో ఇంకొకటి తగ్గించుకుంటారు. పైగా చమురు, గ్యాసు పిరమైనప్పుడు దేశాలు బొగ్గు వైపు తిరగడమూ చూశాం. 2022లో రష్యా గ్యాసు తగ్గినప్పుడు యూరప్‌లోనే కొన్ని దేశాలు పక్కన పెట్టిన బొగ్గు ప్లాంట్లను మళ్లీ వెలిగించాయి.

నా మటుకు నాకు రెండో వాదంలోనే ఎక్కువ పస కనిపిస్తుంది. పన్ను ఎంత అన్నదానికంటే, వచ్చిన పన్నుతో బస్సులు కొన్నారా, రైతుకు సోలార్ పంపు ఇచ్చారా, లేక లోటు పూడ్చుకున్నారా అన్నదే వాతావరణానికి సంబంధించిన ప్రశ్న. ఈ ప్రశ్నకు మన దగ్గరే ఒక జవాబు ఉంది, అది బొగ్గులో ఉంది.

బొగ్గు టన్ను మీద 400 రూపాయల ప్రయాణం

2010 జూలైలో కేంద్రం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు వేసింది. గోదావరిఖనిలో తవ్వినా, భూపాలపల్లిలో తవ్వినా, విదేశం నుంచి తెచ్చినా ఒకటే. ఆ డబ్బుతో ఒక నిధి పెట్టి స్వచ్ఛ ఇంధనం మీద పరిశోధనలకూ ప్రాజెక్టులకూ ఇవ్వాలన్నది ఉద్దేశం. సెస్సు 2014లో 100, 2015లో 200, 2016లో 400 అయింది. 2010-11 నుంచి 2017-18 దాకా 86 వేల కోట్ల పైన వసూలైంది. ఆ నిధికి బదిలీ అయింది 29,600 కోట్ల చిల్లర. ప్రాజెక్టులకు చేరింది 15,900 కోట్ల చిల్లర. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు అదే 400 రూపాయలకు పరిహార సెస్సు అని పేరు పెట్టారు. రాష్ట్రాలు కోల్పోయిన పన్ను ఆదాయాన్ని పూడ్చడం దాని కొత్త పని. రూపాయలు అవే, బొగ్గు అదే, పద్దు మారింది.

2025 సెప్టెంబరు 22 నుంచి ఆ 400 కూడా పోయింది, బదులుగా బొగ్గు మీద జీఎస్టీ 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. దీన్ని కొందరు తగ్గింపు అన్నారు, కొందరు పెంపు అన్నారు. లెక్క చేస్తే ఇద్దరూ నిజమే చెప్పారు. టన్ను 2,000 రూపాయల బొగ్గు మీద ఇదివరకు 100 జీఎస్టీ, 400 సెస్సు, మొత్తం 500. ఇప్పుడు 360. టన్ను 4,000 రూపాయల బొగ్గు మీద ఇదివరకు 600, ఇప్పుడు 720. గీత దాదాపు 3,077 రూపాయల దగ్గర పడుతుంది. అంతకంటే చవక బొగ్గు ఇంకా చవకైంది, పిరమైన బొగ్గు ఇంకా పిరమైంది. కరెంటు జీఎస్టీ బయట ఉంది కాబట్టి బొగ్గు మీద కట్టిన పన్నును కరెంటు ప్లాంటు వెనక్కి రాబట్టుకోలేదు, అది యూనిట్ ఖర్చులోకే పోతుంది. చవకైన, బూడిద ఎక్కువున్న బొగ్గుకు పన్ను తగ్గడం వాతావరణం దృష్టితో చూస్తే ఇబ్బందికరమే. ఈ మార్పు చేసినవాళ్లు చూసుకున్నది పన్ను సరళీకరణ, కరెంటు ఖర్చు.

ఈ కథ ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. ధనిక దేశాలు వాతావరణ నిధుల లెక్కలో చేసే మాయను మనం గట్టిగా ప్రశ్నిస్తాం, ప్రశ్నించాలి కూడా. మన పుస్తకంలోనూ అలాంటి పేజీ ఒకటి ఉందని తెలిసి ప్రశ్నించడం మంచిది.

వాతావరణ నిధులు అంటే ఏ డబ్బు?

1992లో రియోలో కుదిరిన ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఒక సూత్రం రాసుకున్నారు: బాధ్యత అందరిదీ, కానీ సమానంగా కాదు. నూటయాభై ఏళ్లుగా బొగ్గూ చమురూ కాల్చి ఎదిగిన దేశాలు ముందు తగ్గించాలి, మిగతావాళ్లకు డబ్బూ సాంకేతికతా ఇవ్వాలి. ఇప్పటికీ సగటు భారతీయుడి వల్ల ఏడాదికి వెలువడే కార్బన్ డయాక్సైడు సుమారు 2 టన్నులు, అమెరికన్ వల్ల దాదాపు 14.

2009లో కోపెన్‌హేగన్‌లో ధనిక దేశాలు 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఎక్కువగా ధనిక దేశాలే ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ లెక్కలో 2020లో వచ్చింది 8,330 కోట్లు, 2021లో 8,960 కోట్లు. 2022లో 11,590 కోట్లతో, రెండేళ్లు ఆలస్యంగా, మాట నెగ్గింది. ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ మాత్రం ఆ 2022 డబ్బు అసలు విలువ 2,800 నుంచి 3,500 కోట్ల డాలర్లే అంది. ఒకే ఏడాది, ఒకే డబ్బు. మూడు నాలుగు రెట్ల తేడా ఎలా వచ్చింది?

కట్నాల పుస్తకంలో రాయించిన అప్పు

మన పెళ్లిళ్లలో పందిరి మూల ఒకరు కూర్చుని కట్నాలు రాస్తారు కదా. పిల్ల మేనమామ లక్ష రూపాయలు తెచ్చి ఇచ్చి, "ఇది నూటికి రూపాయి మిత్తికి ఇస్తున్న, అయిదేండ్లల్ల తిరిగియ్యాలె" అని చెప్పి, "పుస్తకంల మాత్రం నా పేరు మీద లక్ష కట్నం రాయి" అంటే? బయట నూటికి రెండు రూపాయల మిత్తి ఉన్నచోట రూపాయికి ఇవ్వడం మేలే. ఆ మేలు విలువ నెలకు వెయ్యి రూపాయల మిత్తి మిగులు. దాన్ని కట్నంగా రాస్తే ఎవరూ కాదనరు. లక్షా కట్నమే అంటే పిల్ల తండ్రి ఊరుకోడు.

వాతావరణ నిధుల తగవు అచ్చంగా ఇదే. 2022లో ప్రభుత్వాల నుంచి వచ్చిన భాగంలో దాదాపు 69 శాతం అప్పు, 28 శాతం గ్రాంటు. ఓఈసీడీ పద్ధతి అప్పును పూర్తి మొత్తంతో రాస్తుంది. ఆక్స్‌ఫామ్ మిత్తి మిగులును మాత్రమే రాస్తుంది. ఇంకో చిక్కు, ఏది వాతావరణ ప్రాజెక్టో చెప్పే ఒప్పుకున్న నిర్వచనం లేకపోవడం. 2023లో రాయిటర్స్ వార్తా సంస్థ పరిశోధన చేస్తే బంగ్లాదేశ్‌లో బొగ్గు ప్లాంటుకు జపాన్ ఇచ్చిన డబ్బు, ఆసియాలో చాక్లెట్, ఐస్‌క్రీం దుకాణాలకు ఇటలీ ఇచ్చిన డబ్బు కూడా ఈ పద్దులో కనిపించాయి.

ధనిక దేశాల పక్షాన చెప్పవలసినదీ ఉంది. సోలార్ ప్లాంటు కరెంటు అమ్మి సంపాదిస్తుంది, దానికి దానం ఎందుకు, అప్పు చాలు అంటారు. అది సబబైన మాటే. 1992 నాటి ధనికుల జాబితా ఇంకా అదే ఉంది, ఈలోగా చైనా ప్రపంచంలోనే అత్యధికంగా కాలుష్యం వదిలే దేశమైంది, గల్ఫ్ దేశాలు చమురుతో సంపన్నమయ్యాయి, వాళ్లూ ఇవ్వాలి కదా అంటారు. ఈ మాటను కొట్టిపారేయలేం. కానీ ఊరి చుట్టూ కరకట్టకో, ఎండదెబ్బ తగిలిన కూలీ వైద్యానికో ఇచ్చిన డబ్బు ఏ కరెంటూ అమ్మదు. అక్కడ అప్పు ఇస్తే మునిగినవాడే మిత్తి కడతాడు.

2024 నవంబరులో అజర్‌బైజాన్‌లోని బాకులో జరిగిన వాతావరణ సదస్సు కొత్త అంకె ప్రకటించింది: 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు. ప్రైవేటు పెట్టుబడితో సహా అన్ని దారుల నుంచి 1.3 లక్షల కోట్ల డాలర్లకు చేరాలన్నది విడిగా ఒక పిలుపు. ఆమోదం అయిపోయిందని సుత్తి కొట్టాక మన దేశం తరఫున చాందినీ రైనా లేచి, ఈ పత్రం కంటికి కనిపించే భ్రమకంటే పెద్దదేం కాదని అన్నారు. మూడు రెట్లు పెరిగినట్టు కనిపించే అంకెలో ఎంత నిజముందో చూద్దాం. డాలరు విలువ ఏటా 3 శాతం చొప్పున తరిగితే 2009 నాటి 100 డాలర్లు, 2035లో 216 డాలర్లతో సమానం. అంటే 30 వేల కోట్లు అన్నది 2009 లెక్కలో 13,900 కోట్లు. పెరిగింది మూడు రెట్లు కాదు, మూడో వంతు కంటే కాస్త ఎక్కువ.

ఒకే ఎండ, రెండు రేట్లు

మిత్తి గురించి ఇంత రాద్ధాంతం ఎందుకో ఒక్క లెక్కతో తెలుస్తుంది. ఒక మెగావాటు సోలార్ ప్లాంటుకు 4 కోట్లు అవుతుందనుకుందాం. ఏడాదికి సుమారు 15.8 లక్షల యూనిట్లు ఇస్తుంది. డబ్బంతా అప్పు తెచ్చి 25 ఏళ్లు సమాన కిస్తీల్లో తీరిస్తే, 10 శాతం మిత్తికి ఏటా 44 లక్షలు, యూనిట్‌కు రూ.2.80. అదే 4 శాతానికైతే ఏటా 25.6 లక్షలు, యూనిట్‌కు రూ.1.62. పలకలు అవే, కరీంనగర్ ఎండ అదే. బొగ్గు ప్లాంటుకు రోజూ బొగ్గు కొనాలి కాబట్టి మిత్తి తేడా ఇంత దెబ్బ కొట్టదు. సోలార్‌కు ఖర్చంతా మొదటి రోజే. అందుకే మిత్తి ఎక్కువున్న దేశంలో బొగ్గు గెలుస్తుంది, మిత్తి తక్కువున్న దేశంలో ఎండ గెలుస్తుంది.

మరి 4 శాతానికి విదేశీ అప్పు తెచ్చేస్తే పోలేదా? ఆ అప్పు డాలర్లలో ఉంటుంది, ప్లాంటు సంపాదన రూపాయల్లో ఉంటుంది. 2010లో డాలరు 45 రూపాయల దగ్గర ఉంది, 2025లో 85 దాటింది. రూపాయి ఏటా 4 శాతం దాకా పడుతూ వచ్చిందన్నమాట, 4 శాతం మిత్తి చేతికొచ్చేసరికి 8 అవుతుంది. రూపాయి ఎందుకు పడుతుందంటే, కారణాల్లో పెద్దది చమురు బిల్లు. పీపా ధర పెరిగితే చమురు కంపెనీలు ఎక్కువ డాలర్లు కొనాలి, రూపాయి జారుతుంది, సోలార్ కోసం తెచ్చిన డాలరు అప్పు బరువెక్కుతుంది. చమురు నుంచి బయటపడడానికి తెచ్చిన అప్పును చమురే పిరం చేస్తుంది. బంకు దగ్గరి ప్రశ్న, బెలేం దగ్గరి ప్రశ్న కలిసే చోటు ఇదే. దీనికి మందు రూపాయల్లోనే అప్పివ్వడం, లేదా మారకపు నష్టాన్ని ఇచ్చేవాళ్లు భరించడం. ఈ మాట చర్చల్లో వినిపిస్తూనే ఉంది, అమలు మాత్రం చిన్న చిన్న ప్రయోగాలు దాటలేదు.

చెరువు పూడిక ఏ పద్దు?

కాలుష్యం తగ్గించే ఖర్చు ఒకటి, మారిన వాతావరణానికి తట్టుకునేలా చేసుకునే ఖర్చు ఇంకొకటి. రెండోదానికి ఎప్పుడూ తక్కువే వస్తుంది. దాన్ని 2035 నాటికి మూడు రెట్లు చేసే దిశగా పోవాలని బెలేంలో అనుకున్నారు.

కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టిన నేల మనది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రం సొంత ఖర్చుతో, 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలన్న లక్ష్యం పెట్టుకుంది. అది సాగునీటి పద్దు కింద ఉంది. ఒడిశాలో చెరువుల పునరుద్ధరణ, సోలార్ పంపుల పథకానికి 2017లో అంతర్జాతీయ హరిత వాతావరణ నిధి 3.44 కోట్ల డాలర్ల గ్రాంటు ఇచ్చింది, నాబార్డు ద్వారా వచ్చింది. అక్కడ పూడిక తీయడం వాతావరణ పద్దు అయింది. పార పట్టినవాడికి మట్టి రెండు చోట్లా ఒకేలా ఉంటుంది. పథకం రాసేటప్పుడు వర్షపాతం మార్పు, భూగర్భజలం, గిరిజన ప్రాంతాల అవసరం లెక్కలతో చూపించడమే తేడా తెచ్చింది.

2023 జూలై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ ఒక్క రోజు లెక్కలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది, రాష్ట్ర చరిత్రలో అంత ఎన్నడూ లేదు. ఇలాంటి నష్టానికి 2022లో ఒప్పుకుని, 2023లో దుబాయ్‌లో మొదలుపెట్టిన నష్టపరిహార నిధి ఒకటుంది. హామీలు 70 కోట్ల డాలర్లకు పైగా. తొలి విడత 25 కోట్లు, అందులో కనీసం సగం అత్యంత వెనుకబడిన దేశాలకూ చిన్న ద్వీప దేశాలకూ. మనలాంటి పెద్ద దేశంలోని మోరంచపల్లికి ఆ నిధి దగ్గరది కాదు. మనకు వచ్చేది రాష్ట్ర విపత్తు నిధి, అందులో కేంద్రానిది 75 శాతం, రాష్ట్రానిది 25 శాతం.

బొగ్గు బాయి మూతపడే రోజు ఖర్చు

సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. ఏటా దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు, 40 వేల దరిదాపు పర్మనెంటు కార్మికులు, వాళ్ల వెనక కాంట్రాక్టు కార్మికులు. దసరా ముందు లాభాల వాటా పడితే మందమర్రి, గోదావరిఖని, భూపాలపల్లి బజార్లలో బంగారం దుకాణం నుంచి బట్టల దుకాణం దాకా తెలిసిపోతుంది. రామగుండం ఎన్టీపీసీ, చెల్పూరు కాకతీయ ప్లాంటు, జైపూర్ సింగరేణి ప్లాంటు అన్నీ ఈ బొగ్గు చుట్టూ అల్లుకున్నవే. అదే రామగుండం రిజర్వాయరు మీద ఇప్పుడు 100 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు ఉంది. దాని నిర్వహణకు ఒక బాయిలో ఒక షిఫ్టుకు దిగేంత మంది అక్కర్లేదు.

ఇలాంటి ప్రాంతాల కోసం 2021లో దక్షిణాఫ్రికాతో ధనిక దేశాలు 850 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాయి. మొదటి ప్యాకేజీలో గ్రాంటు 4 శాతం చుట్టూనే ఉంది, మిగతాదంతా దాదాపు అప్పులూ, అప్పులకు పూచీకత్తులే. ఇండోనేసియా, వియత్నాం కూడా అలాంటి ఒప్పందాలు చేసుకున్నాయి, 2025లో అమెరికా వాటి నుంచి తప్పుకుంది. మన దేశం అందులో చేరలేదు. చేరితే బొగ్గు తగ్గించే గడువు ఒప్పుకోవాలి, వచ్చేది ఎక్కువగా అప్పు కాబట్టి ఆ బేరం గిట్టదన్నది ఒక వాదన. బయటి ఒప్పందం ఉన్నా లేకున్నా పాత బాయిలు ఎలాగూ అయిపోతాయి, కాబట్టి అంతలోపు దొరికే ప్రతి రూపాయీ తీసుకుని కార్మికుల పిల్లలకు వేరే పని దారి వేయాలన్నది ఇంకో వాదన. బెల్లంపల్లి వెళ్లిన వాళ్లకు రెండో వాదన బరువు తెలుస్తుంది. బాయిలు మూతపడి క్వార్టర్లు ఖాళీ అయిన వీధులు అక్కడ కంటికి కనబడతాయి. ఆ ఊరికి ఏ అంతర్జాతీయ ఒప్పందమూ తగల్లేదు, బొగ్గు తవ్వడం ఆగింది, అంతే.

ఇలాంటి ఊళ్ల మార్పును న్యాయంగా నడిపించడానికి ఒక కొత్త యంత్రాంగం పెట్టుకోవాలని బెలేంలో దేశాలు నిర్ణయించాయి. ఆ నిర్ణయంలో కార్మికుల మాట ఉంది, సమాజాల మాట ఉంది. కొత్త డబ్బు అంకె మాత్రం అందులో రాయలేదు.